వీసా ఆఫీసు రివ్యూ: ఐదు ఇండియా పాస్‌పోర్టులు, ఒక చైనా పాస్‌పోర్టు

ఐదుకి మూడు స్టార్లు. మూడు ఎందుకిచ్చానో, రెండు ఎందుకు కోశానో చెప్పాలంటే బిల్లు దగ్గర మొదలుపెట్టాలి. పదహారేళ్లుగా ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నదాన్ని. ఏ గొడవైనా బిల్లు చదివితేనే నాకు తలకెక్కుతుంది.

బిల్లు ఇదీ. సింగపూర్ వీసా, ఐదుగురు, మనిషికి 3,200 చొప్పున 16,000. సింగపూర్ వీసా, ఫారిన్ నేషనల్, చైనా, ఒకరు, 6,500. అరైవల్ కార్డులు (దేశంలో దిగే ముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారాలు), సింగపూర్, మలేషియా, ఆరుగురికి, ఒక్కోటి 300 చొప్పున 3,600. అడుగున 26,100. జీఎస్టీ అందులోనే ఉందన్నారు.

మొదటి లైను గురించి నాకు ఒక్క రూపాయి బాధ కూడా లేదు. రెండో లైను అసలు ఉండకూడదు. మూడో లైను వల్ల మా మరదలు సింగపూర్ చాంగి ఎయిర్‌పోర్టులో నలభై నిమిషాలు నిలబడింది.

ఆఫీసు మారతహళ్లి వైపు, అయ్యంగార్ బేకరీ పైన మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే దిల్‌పసంద్ వాసన వస్తుంది. పేరు రాయడం లేదు. కౌంటర్లో కూచునే హిందూపురం కుర్రాడు మంచివాడు, అతని ఉద్యోగం మీదికి తేవడం నాకిష్టం లేదు. అదీగాక అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా ఇలాంటి ఆఫీసులే. ఒకే రకం గ్లోబు, ఒకే రకం ఈఫిల్ టవర్ స్టిక్కరు.

మా సంగతి కొంచెం చెప్పాలి. మా తమ్ముడు చైనాలోని షెంజెన్‌లో నాలుగేళ్లు పనిచేశాడు. అక్కడే చెంగ్డు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ 2024లో బెంగళూరు వచ్చేశారు. మదనపల్లెలో మళ్లీ మన పద్ధతిలో తాళి కట్టించాం గానీ, దానికి అమ్మాయి తల్లిదండ్రులు రాలేకపోయారు. చైనా వాళ్లకి మన దేశం టూరిస్టు వీసాలు 2020లో ఆపేసింది, మళ్లీ 2025 జూలై 24నే మొదలుపెట్టింది. పీటల మీద కన్యాదానం మా మేనమామ, అత్తయ్య చేశారు. వియ్యంకుడు, వియ్యపురాలు ఫోన్లో చూశారు. నెట్ మధ్యలో పోయింది కూడా.

అప్పటినుంచీ మా అమ్మది ఒకటే పోరు. "వియ్యపురాలి మొహం చూడకుండానే పోతానేమో" అని. దేశం ఏదైనా సరే, అందరం ఒకచోట కలవాలి. వాళ్లకి అక్టోబరు 1 జాతీయ దినోత్సవం సెలవులు, 2025లో వాళ్ల పున్నమి పండగ కూడా కలిసొచ్చి ఎనిమిది రోజులు. మాకు దసరా సెలవులు. తేదీలు కుదిరాయి. దేశం కుదరలేదు.

ఒక పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకి ఈ బాధ తెలియదు. రెండు పాస్‌పోర్టుల ఇంట్లో దేశం వెతకడం జాతకాలు చూడ్డం లాంటిదే, ఒకరికి కలిస్తే ఇంకొకరికి కలవదు.

మొదట హాంకాంగ్ అనుకున్నాం. మనకు వీసా లేదు, ముందుగా ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, డబ్బులేం కట్టక్కర్లేదు, 14 రోజులు ఉండొచ్చు. వింత ఏంటంటే చైనా వాళ్లకి హాంకాంగ్ వెళ్లడానికి పాస్‌పోర్టు పనికిరాదు. హాంకాంగ్, మకావుల కోసం విడిగా ఒక పర్మిట్ కార్డు, దాని మీద మళ్లీ ఎన్నిసార్లు వెళ్లొచ్చో ఒక అనుమతి ఉండాలి. తమ దేశంలో భాగమైన ఊరికే. మా మరదలి తండ్రికి ఆ కార్డు గడువు అయిపోయింది. వదిలేశాం.

తర్వాత వియత్నాం. బెంగళూరులో ఇప్పుడు ఎవర్ని కదిపినా వియత్నామే కదా. మనకూ వాళ్లకీ ఈ-వీసానే, ఒక్కసారి వెళ్లడానికి 25 డాలర్లు. ఇక్కడ మా తమ్ముడు ఒక కథ చెప్పాడు, నాకు బాగా నచ్చింది. 2012లో చైనా కొత్త చిప్ పాస్‌పోర్టులు తెచ్చినప్పుడు లోపలి పేజీల్లో తన మ్యాపు అచ్చేసింది. దక్షిణ చైనా సముద్రం చుట్టూ గీతలు గీసి అదంతా మాదే అన్నట్టు. వియత్నాం వాళ్లకి ఒళ్లు మండింది. ఆ పేజీ మీద మా ముద్ర పడితే మ్యాపుని ఒప్పుకున్నట్టే అని, పాస్‌పోర్టు మీద కాకుండా విడి కాగితం మీద వీసా వేసిచ్చారు. ఆ మ్యాపులో అరుణాచల్ ప్రదేశ్, అక్సాయ్ చిన్ కూడా వాళ్ల వైపే ఉన్నాయి. మనవాళ్లు ఇంకో రకంగా బదులిచ్చారు, మన మ్యాపు ఉన్న వీసా తయారుచేసి వాళ్ల పాస్‌పోర్టుల్లోనే అంటించారు. ఒకే పుస్తకంలో రెండు మ్యాపులు, రెండు దేశాలూ తమ ఇంటి గోడ తాము కట్టుకున్నట్టు. ఇవన్నీ విని మా అమ్మ, "మనం వియ్యాలవారిని చూడ్డానికి పోతున్నామా, సరిహద్దు తగాదాకి పోతున్నామా?" అంది. వియత్నామూ పోయింది.

థాయ్‌లాండ్ అన్నిటికన్నా తేలిక. 2024 మార్చి 1 నుంచి చైనా, థాయ్‌లాండ్ ఒకరికొకరు వీసా ఎత్తేసుకున్నారు, ఒక విడతకి 30 రోజులు. మనకూ అప్పుడు వీసా అక్కర్లేదు. కానీ మా అమ్మ దగ్గర పట్టాయా అనే మాట ఎవరో అన్నారు. అంతే.

మిగిలింది సింగపూర్, అక్కణ్ణుంచి బస్సులో మలేషియా. మలేషియా ఇద్దరికీ వీసా లేకుండానే 30 రోజులు. వాళ్లకీ మనకీ ఒకే రోజు, 2023 డిసెంబరు 1న తలుపు తీసింది. సింగపూర్ దగ్గరే తేడా. చైనా వాళ్లకి 2024 ఫిబ్రవరి 9 నుంచి, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి ముందు రోజు నుంచి, వీసా లేదు. మనకు ఉంది. మొత్తం బంధువర్గంలో ఎర్ర పాస్‌పోర్టు ఉన్న ముగ్గురూ టికెట్ కొనుక్కుని ఎక్కేయొచ్చు, నీలం పాస్‌పోర్టు ఉన్న ఐదుగురం కాగితాలు సర్దుకోవాలి. ఈ ముక్క చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. చైనా పాస్‌పోర్టుకే ఎక్కడైనా ఇబ్బంది అని అందరి లెక్క. ఆ లెక్కతోనే నేను 6,500 కట్టాను.

సింగపూర్ వీసా మనంతట మనం మామూలుగా వేసుకునేది కాదు, వాళ్లు గుర్తించిన ఏజెంట్ల ద్వారా వేయాలి. అందుకే ఈ ఆఫీసు. మొదటి లైను గురించి చెప్పాల్సిన మంచి ఇక్కడ చెప్పేస్తాను.

కుర్రాడు మా ఐదు పాస్‌పోర్టులు తీసుకుని, కార్డులు పంచేవాడిలా ఒక్కొక్కటీ తెరిచి చివరి తేదీ చూశాడు. మా ఆయనది చూసి ఆగాడు. "అక్కా, సార్‌ది ఫిబ్రవరిలో అయిపోతోంది. ఆరు నెలలు ఉండాలి." మేం దిగేది అక్టోబరు 4న. మా ఆయన తన పాస్‌పోర్టు ఇంకా బోలెడు రోజులుందనే నమ్మకంలో ఉన్నాడు. తత్కాల్‌లో వేశాం, 1,500 మీద ఇంకో 2,000. పాస్‌పోర్టు సేవా కేంద్రం అదృష్టవశాత్తూ ఇంటి దగ్గరే. ఆ ఒక్క చూపు లేకపోతే మా ఆయన ఎయిర్‌పోర్టు నుంచి ఆటోలో వెనక్కి వచ్చేవాడు. ఒక స్టారు పూర్తిగా దానికే.

ఇంకోటి మా అమ్మ పాస్‌పోర్టు. దాంట్లో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా కలిపి ఒకే గడిలో ఉంది, మన పెద్దవాళ్లలో చాలామందికి ఇంతే. టికెట్లో పేరు వేరేలా పడింది. కుర్రాడే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, ఎలా ఉండాలో కనుక్కుని సరిచేయించాడు. ఫోటోలు కూడా రెండుసార్లు వెనక్కి పంపాడు. 35 మిల్లీమీటర్లు వెడల్పు, 45 ఎత్తు, తెల్ల బ్యాక్‌గ్రౌండు, అద్దాల మీద మెరుపు ఉండకూడదు. స్టూడియో వాడు మా అమ్మ మొహం తెల్లగా చేసి ఇచ్చాడు. కుర్రాడు చూసి నవ్వుతూ, "అవ్వా, ఇది మీరు కాదు, మీ చెల్లెలు" అన్నాడు. అమ్మ మళ్లీ తీయించుకుంది, సంతోషంగా. ఫారం 14ఏ నింపడం, లీవ్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు, మావాడి బర్త్ సర్టిఫికెట్, ఏదీ రెండోసారి అడగలేదు. నాలుగు పనిదినాల్లో ఐదు వీసాలూ వాట్సాప్‌లో వచ్చాయి. సింగపూర్ వాళ్ల ఫీజు 30 సింగపూర్ డాలర్లు, అంటే అప్పటికి 2,000 పైచిలుకు. మిగతాది వీళ్ల కూలి. తగిన కూలే.

ఇక రెండో లైను.

మా మరదలు తన పాస్‌పోర్టు తీసి కౌంటరు మీద అమ్మ పాస్‌పోర్టు పక్కన పెట్టింది. కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మన పాస్‌పోర్టుకి అలవాటు పడ్డ చెయ్యి కదా, నేరుగా చివరి పేజీకి వెళ్లాడు. మన చివరి పేజీలో తండ్రి పేరు, తల్లి పేరు, భర్త పేరు, అడ్రసు ఉంటాయి. వాళ్ల పుస్తకంలో అవేం ఉండవు. "భర్త పేరేదక్కా?" అన్నాడు. లేదన్నాం. "ఇంటిపేరు కూడా సార్‌ది కాదే?" చైనాలో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు, పుట్టింటిదే చివరిదాకా. "పుట్టిన ఊరు?" ఆ గడిలో ఊరు లేదు, సిచువాన్ అని రాష్ట్రం పేరే ఉంది. మా అమ్మ పాస్‌పోర్టులో చూస్తే పల్లెటూరి పేరు స్పెల్లింగు తప్పుతో సహా ఉంది. కుర్రాడు కాసేపు ఆలోచించి లోపలికెళ్లి మేనేజర్‌ని అడిగొచ్చాడు. వచ్చి, భార్యాభర్తలని నిరూపించే అఫిడవిట్ నోటరీ చేయించి తెమ్మన్నాడు. చెక్‌లిస్టు కాగితం ఇచ్చాడు. మూడేళ్ల ఐటీ రిటర్నులు, పాన్ కార్డు, ఆధార్ లేదా ఓటరు కార్డు. మా మరదలు ఓటరు కార్డు అనే మాట దగ్గర వేలు పెట్టి నా వైపు చూసింది.

"వదినా, నాకు సింగపూర్ వీసా అక్కర్లేదు" అంది. మొదటినుంచీ అంటూనే ఉంది. తెలుగులోనే అంది, ఇంగ్లీషులో అంది.

కుర్రాడు తడుముకోకుండా చెప్పాడు, "అక్కా, వాళ్లు చైనా నుంచి వెళ్తే అక్కర్లేదు. ఇండియా నుంచి వెళ్తున్నారు కాబట్టి కావాలి."

వినడానికి నమ్మేలా ఉంది కదా. నాకూ అలాగే అనిపించింది. "ఉండమ్మా, వీళ్లకి రోజూ ఇదే పని" అని ఆ అమ్మాయిని ఆపి కార్డు గీకాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తన పాస్‌పోర్టు గురించి తనకన్నా బేకరీ పైన ఉన్న ఆఫీసుకి ఎక్కువ తెలుసని ఎలా అనుకున్నాను?

వీసా కావాలా వద్దా అనేది చేతిలో ఉన్న పాస్‌పోర్టుని బట్టి. ఎక్కే ఎయిర్‌పోర్టుని బట్టి కాదు. దుబాయ్ నుంచి వెళ్లినా బెంగళూరు నుంచి వెళ్లినా, మామూలు చైనా పాస్‌పోర్టుతో టూరిస్టుగా 30 రోజుల లోపు సింగపూర్ వెళ్లే మనిషికి వీసా లేదు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, ఖర్చులకి డబ్బు, అరైవల్ కార్డు ఉంటే చాలు. ఎక్కడ ఉంటున్నారనేది లెక్కలోకొచ్చే దేశాలు కొన్ని ఉన్నాయి, ఏ ఆఫీసులో అప్లికేషన్ ఇవ్వాలో దాన్ని బట్టి మారుతుంది. అది వీసా కావాల్సిన వాళ్లకి సంబంధించిన విషయం.

ఐదు వీసాలూ వచ్చి వారమైనా ఆరోది "అండర్ ప్రాసెస్" అనే చెబుతున్నాడు. చివరికి మా మరదలు సింగపూర్ ఇమిగ్రేషన్ వాళ్ల సైటు తెరిచి, వీసా కావాల్సిన దేశాల జాబితా నా ముందు పెట్టింది. ఇండియా ఉంది. చైనా మామూలు పాస్‌పోర్టు లేదు. ఫోన్ చేస్తే కుర్రాడు అసలు విషయం చెప్పాడు, ఆ అప్లికేషన్ వాళ్లింకా వేయనే లేదు. ఎలా వేయాలో మేనేజర్ కనుక్కుంటున్నారట.

ఇంతలో మేనేజర్‌గారే ఫోన్ చేసి ఇంకోటి తగిలించబోయారు. ఫారినర్ దేశం వదిలి వెళ్లాలంటే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ, అంటే విదేశీయుల్ని రిజిస్టర్ చేసే ఆఫీసు దగ్గర ఎగ్జిట్ పర్మిట్ కావాలట, 4,000 అవుతుందట. ఈసారి నేను బుద్ధిగా మా మరదలి వైపు చూశాను. ఆ అమ్మాయి ఫైలు తీసింది. ఆ ఫైలు చూస్తే మా కంపెనీ ఆడిటరు కూడా దండం పెడతాడు, వీసా, రిజిస్ట్రేషన్, ఇంటి అగ్రిమెంటు, అన్నీ తేదీల వారీగా. వీసా గడువులో ఉండి, మళ్లీ మళ్లీ రావడానికి అనుమతి ఉండి, రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉన్నప్పుడు ఎగ్జిట్ పర్మిట్ ఎందుకు? గడువు దాటిపోయిన వాళ్ల తంటా అది. వద్దన్నాం. ఆయన "మీ రిస్క్" అన్నారు.

మూడో లైను, అరైవల్ కార్డులు. ఇది చిన్న విషయమే అనుకున్నాను గానీ, ఎక్కువ ఏడిపించింది ఇదే. సింగపూర్‌ది దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. ఫీజు లేదు. మలేషియాది కూడా అంతే, ముందు మూడు రోజుల్లో, ఫీజు లేదు. ఉచితంగా నింపే కార్డుకి 300 తీసుకుంటే తీసుకున్నారు, టైపింగ్ కూలి అనుకుందాం. అందరి వివరాలూ ఒకేసారి ఎక్కించేటప్పుడు, ఆరుగురికీ జాతీయత గడిలో ఇండియా అని పడేశాడు.

చాంగిలో ఇప్పుడు మనుషులు కూచునే కౌంటర్ల బదులు ఎక్కువగా ఆటోమేటిక్ గేట్లు. పాస్‌పోర్టు పెట్టాలి, కళ్లు, మొహం చూస్తుంది, తెరుచుకుంటుంది. మా ఐదుగురికీ తెరుచుకుంది. మా అమ్మ అవతలికెళ్లి వెనక్కి తిరిగి, "స్టాంపేదే?" అంది. స్టాంపు వేయరు, ఈమెయిల్‌లో పాసు వస్తుంది. మొదటి విదేశీ ప్రయాణం, పాస్‌పోర్టులో ఒక్క విదేశీ ముద్ర కూడా పడలేదని ఆమె బాధ.

మా మరదలికి గేటు తెరుచుకోలేదు. కౌంటరుకి వెళ్లమంది. వీసా అక్కర్లేని మనిషి ఆగిపోయింది, వీసా కావాల్సిన వాళ్లం దాటేశాం. తమ్ముడు ఆమె కోసం లోపలే ఉండిపోయాడు. అక్కడి ఆఫీసరు ఓపిగ్గానే చూశారట. కార్డులో ఇండియా, చేతిలో చైనా పుస్తకం, నంబరు ఎక్కడా కలవడం లేదు. మళ్లీ నింపి, లైన్లో నిలబడి, బయటికొచ్చేసరికి నలభై నిమిషాలు.

ఆ నలభై నిమిషాల్లో బయట ఏమైందో చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తికాదు. వియ్యాలవారు ముందే వచ్చి రైలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. రెండు భాషలూ తెలిసిన ఇద్దరూ లోపల ఇరుక్కున్నారు. ఇటు మా అమ్మ, నేను, మా ఆయన, మా పన్నెండేళ్లవాడు. అటు వాళ్లిద్దరూ. మా అమ్మ సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. నేను వద్దనేలోపే వెళ్లి వియ్యపురాలికి బొట్టు పెట్టింది. ఆవిడ కదలకుండా నిలబడి పెట్టించుకుంది, తర్వాత తన సంచిలోంచి వాళ్ల పున్నమి పండగ మూన్‌కేకుల డబ్బా తీసి మా అమ్మ చేతిలో పెట్టింది. ఇక మాట్లాడాలిగా. మావాడు ఫోన్లో ఇంగ్లీషులో చెబితే ఫోను చైనీస్‌లో చెబుతుంది. మా అమ్మ "మీ అమ్మాయి బంగారం, ఇంటిపని ఒక్కటే రాదు" అంది. మావాడు నా మొహం చూశాడు. మొదటి సగం చెప్పరా అన్నాను. ఫోను ఏదో చెప్పింది. వియ్యంకుడు చాలాసేపు నవ్వి, జేబు తడుముకుని, బదులు చెప్పాడు. ఫోను "మా బిడ్డ బంగారం కాదు, మీరు కొన్నారా?" అంది. అప్పుడు లోపల్నుంచి మా మరదలు పరుగెత్తుకుంటూ వచ్చింది. బెంగళూరు వచ్చేశాక అమ్మని చూడ్డం అదే మొదటిసారి.

అందుకే ఆ కుర్రాడి మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతున్నాను. కానీ స్టారు కోశాను.

మలేషియా కార్డులు మాత్రం వాళ్ల చేతికివ్వలేదు. హోటల్లో మంచం మీద కూచుని మా మరదలు ఆరుగురికీ నింపేసింది. టైము చూశాను, ఇరవై నిమిషాలు. 1,800 రూపాయల పని.

బస్సులో కౌలాలంపూర్ వెళ్లేటప్పుడు సరిహద్దులో దిగి, సామాను మోసుకుని, రెండుసార్లు లైన్లో నిలబడాలి. పెద్దవాళ్లు ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. మా అమ్మకి మాత్రం మలేషియా వైపు స్టాంపు పడింది, మోకాళ్ల నొప్పి మర్చిపోయింది. ఎర్ర పుస్తకాలు, నీలం పుస్తకాలు ఒకే లైన్లో నిలబడ్డది ఆ ఒక్క చోటే.

ఆ బస్సులోనే వియ్యంకుడి కథ విన్నాను. ఆయనకి ఇది మూడో విదేశీ ప్రయాణమట. మొదటిసారి 1990ల చివర్లో, ఫ్యాక్టరీ వాళ్లతో కలిసి, షిన్-మా-తాయ్ టూరు. సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్‌ల చైనీస్ పేర్లలో మొదటి ముక్కలు కలిపితే ఆ మాట, మనం కాశీ-గయా-ప్రయాగ అన్నట్టు. అప్పట్లో చైనా వాళ్లు ఇష్టమొచ్చిన దేశానికి టూరిస్టుగా వెళ్లడానికి లేదు. ప్రభుత్వం ఒప్పుకున్న దేశాలకే, లైసెన్సు ఉన్న ఏజెన్సీ గుంపుతోనే వెళ్లాలి. 1988లో థాయ్‌లాండ్, 1990లో సింగపూర్, మలేషియా ఆ జాబితాలో చేరాయి. గైడు అందరి పాస్‌పోర్టులూ తన సంచిలో పెట్టుకున్నాడట, ఎవరూ జారుకోకుండా. తిరిగొచ్చేదాకా ఏజెన్సీ దగ్గర డిపాజిట్టు కూడా. వియ్యపురాలిది ఇంకో రకం. టీచరు కాబట్టి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆమె పాస్‌పోర్టు స్కూలు వాళ్ల దగ్గరే ఉండేది. రిటైరయ్యాకే చేతికొచ్చింది. మా మరదలు తర్జుమా చేసి చెబుతుంటే ఆవిడ మధ్యలో ఒకసారి హ్యాండ్‌బ్యాగు తెరిచి, పాస్‌పోర్టు ఉందో లేదో చూసుకుంది.

యూరప్ మాట కూడా వచ్చింది. అక్కడికి రెండు పుస్తకాలకీ వీసా తప్పదు, ఫీజూ ఒకటే, 90 యూరోలు, 30,000 యూరోల ఇన్సూరెన్సు కూడా. కాగితాలే వేరు. మనల్ని ఐటీ రిటర్నులు అడుగుతారు, వాళ్లని హుకోవ్ అడుగుతారు. అది కుటుంబం మొత్తం వివరాలుండే రిజిస్ట్రేషన్ పుస్తకం. మన రేషన్ కార్డు గుర్తొచ్చింది నాకు, కాకపోతే చదువు, వైద్యం అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయట.

తిరుగు ప్రయాణం కౌలాలంపూర్ నుంచి నేరుగా బెంగళూరు. వాపసుకి ఏం అక్కర్లేదని ఆఫీసు వాళ్లు రాసిచ్చారు. ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ దగ్గర మా మరదల్ని ఆపారు, ఇండియా ఈ-అరైవల్ కార్డు ఏదీ అని. విదేశీయులు మన దేశంలో దిగే ముందు ఆన్‌లైన్‌లో నింపాల్సిన కార్డు అది, 2025 అక్టోబరు 1 నుంచి పెట్టారు. ఉచితమే. మేం ఎక్కింది అక్టోబరు 9న. రూలు వచ్చి తొమ్మిది రోజులు, కాబట్టి దీనికి స్టారు కోయలేదు. ట్రాలీ మీద కూచుని ఫోన్లో నింపింది. ఈసారి జాతీయత గడిలో ఏం రాస్తుందో మేమంతా చుట్టూ నిలబడి చూశాం.

వచ్చిన వారం ఆఫీసుకి వెళ్లాను, బిల్లుతో. మేనేజర్‌గారు మొదట కన్నడలో, తర్వాత ఇంగ్లీషులో, చివరికి తెలుగులో మాట్లాడారు. భాష మారినకొద్దీ అంకె పెరిగింది. 3,000 నుంచి 5,000 దాకా వచ్చి ఆగారు. మిగతా 1,500 ప్రాసెసింగ్ అన్నారు. వేయని అప్లికేషన్‌కి ప్రాసెసింగ్ ఏంటో ఓచర్ మీద రాసివ్వమన్నాను. ఆడిట్‌లో అడిగే ప్రశ్నే. ఆయన టీ తెప్పించారు.

మీరంతా ఇండియా పాస్‌పోర్టు వాళ్లయితే ఈ ఆఫీసుకి నిశ్చింతగా వెళ్లండి, తేదీలు చూడ్డంలో ఆ కుర్రాడి కన్ను నాకన్నా చురుకు. అరైవల్ కార్డులు మాత్రం మీరే నింపుకోండి. ఇంట్లో వేరే దేశం పాస్‌పోర్టు ఉంటే ఆ పాస్‌పోర్టు ఎవరిదో వాళ్లని ముందు అడగండి, తర్వాత ఆ దేశం ఇమిగ్రేషన్ సైటు చూడండి. బేకరీలో దిల్‌పసంద్ మాత్రం తినండి, వేడిగా ఉంటుంది.

నేను లేచేటప్పుడు కుర్రాడు వెనకాలే మెట్ల దాకా వచ్చాడు, చేతిలో చిన్న నోట్‌బుక్కు. "అక్కా, చైనా పాస్‌పోర్టుకి ఎక్కడెక్కడ వీసా లేదో మీ మరదలిగారిని ఒకసారి అడిగి చెప్తారా, రాసుకుంటాను" అన్నాడు. అదే నోట్‌బుక్కులో నా పేరు పక్కన 1,500 బాకీ అని కూడా రాయించాను. గురువారం రమ్మన్నాడు.